సమ్మతి పత్రం

అనువాదం అనే మాటకు తరగతి గదిలో నేను పదేళ్లుగా ఒకే అర్థం చెబుతూ వస్తున్నాను. ‘అను’ అనగా వెంట, ‘వాదం’ అనగా పలకడం. మూలం పలికిన దానిని వెన్నంటి మరల పలకడమే అనువాదమని నా నిర్వచనం. ఆ నిర్వచనంలో ఒక కొరత ఉన్నదని నాకు తెలియజెప్పిన వారు భాషాశాస్త్రవేత్తలు కారు. వైద్యవిద్య అభ్యసిస్తున్న ఒక పూర్వ విద్యార్థిని, ఆమె తెచ్చిన రెండు పుటల కాగితం, మా అమ్మీ ఎడమకాలు, ఈ మూడూ కలిసి నాకు ఆ పాఠం నేర్పాయి. మన కళాశాల వార్షిక సంచికకు ప్రతి ఏడూ ఏదో ఒక సాహిత్య విషయం వ్రాసి ఇచ్చే నేను ఈసారి వైద్య పరిశోధనను గురించి వ్రాయ పూనుకొనడానికి అదే కారణం. పాఠక మహాశయులు మన్నింతురు గాక.

గత వర్షాకాలంలో ఒక ఆదివారం నాడు ఆ అమ్మాయి తెనాలిలో మా ఇంటికి వచ్చింది. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదువుతూ నా దగ్గర ద్వితీయ భాషగా తెలుగు నేర్చుకొన్నది. ఛందస్సులో ఏనాడూ గణాలు సరిగా విడదీయలేదు గాని, అర్థం కానిది అర్థం కాలేదని చెప్పడానికి ఎన్నడూ సిగ్గుపడేది కాదు. ఎం.బి.బి.ఎస్. ముగించి ఇప్పుడు సామాజిక వైద్యశాస్త్రంలో ఎం.డి. చేస్తున్నది. “సార్, మీతో ఒక పని పడింది. మాది ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్” అన్నది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. “డాక్టరువై ఉండి అనువాదాల మీద పరిశోధన చేస్తున్నావా తల్లీ! ఏ గ్రంథం?” అని అడిగాను. ఆమె నవ్వాపుకొనడానికి మంచినీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకొన్నది.

తరువాత ఓపికగా వివరించింది. ప్రయోగశాలలో తేలిన సత్యం అక్కడే ఉండిపోతే రోగికి ప్రయోజనం లేదు. దానిని రోగి పడక దగ్గరికి చేర్చాలి. అక్కడ నిజమని తేలిన తరువాత ఊరిలోని ప్రతి గడపకూ చేర్చాలి. ఈ రెండు ప్రయాణాలలోను దారి తప్పే చోట్లు ఎన్నో ఉన్నాయి. వాటిని శాస్త్రీయంగా పరిశీలించడమే ఈ పరిశోధన. ‘క్లినికల్’ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి పడక అనే అర్థం ఉన్నదని నేను నిఘంటువులో చూచి సంతోషించాను. భాషలోని మాటలకు మల్లే మందులకు కూడా అనువాదం అవసరమన్నమాట!

ఆమె ఎన్నుకొన్న విషయం బోదకాలు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన వారికి ఈ వ్యాధిని గురించి చెప్పనవసరం లేదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు సన్నని దారం వంటి క్రిముల పిల్లలు శరీరంలో ప్రవేశించి, శోషరస నాళాలలో పెరిగి, ఏళ్ల తరబడి వాటిని చెడగొడతాయి. కాలు ఉబ్బుతుంది. చర్మం మందమై ముడతలు పడుతుంది. ఆ ముడతలలోను, కాలివేళ్ల సందులలోను చిన్న పుండు ఏర్పడితే చాలు, సూక్ష్మజీవులు లోనికి దూరి, చలి, జ్వరం, గజ్జలలో బిళ్లలతో రోగి మంచం పడతాడు. ఒక్కొక్క జ్వరానికి కాలు మరికొంత లావెక్కుతుంది. పూర్తిగా ముదిరిన కాలును పూర్వస్థితికి తేగల మందు లేదు. కాని ప్రతిరోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పుండ్లకు లేపనం వ్రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకొని, తగిన చెప్పులు తొడిగితే ఆ జ్వరాలు తగ్గుతాయని వైద్యశాస్త్రం తేల్చింది. తేలిన ఈ సత్యం రేపల్లె, బాపట్ల పల్లెలలో బావి గట్టు దాకా ఎందుకు రాలేదన్నదే ఆమె ప్రశ్న. రోగులందరికీ కాలు కడిగే పద్ధతి నేర్పుతారు. వారిలో సగం మంది ఇంటికి నెలకొకసారి ఆరోగ్య కార్యకర్త వెళ్లి మరల చూపిస్తారు. ఆరు నెలల తరువాత ఎవరికి జ్వరాలు ఎక్కువ తగ్గాయో లెక్క చూస్తారు.

మా అమ్మీకి ఎడమకాలు ముప్పై ఏళ్లుగా బోదకాలని ఆ అమ్మాయికి తెలియదు. నేను వెంటనే చెప్పలేదు. మన ఇళ్లలో కొన్ని జబ్బులను పరదా వెనుక ఉంచడం అలవాటు.

ఈ వ్యాధికి మందు కనిపెట్టిన వారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడే కావడం మనకు గర్వకారణం. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండు పర్యాయాలు తప్పి మూడవసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడిగి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. అమెరికా చేరి హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర పనిచేస్తూ శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి, 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, తన వెంట పనిచేసే యువ శాస్త్రజ్ఞుల బృందాలను తీర్చిదిద్దారు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ వంటి ఘనకార్యాలతో పాటు, 1947లో ప్రకటితమైన డైఇథైల్ కార్బమజైన్ అనే బోదకాలు మందు కూడా ఆ బృందాల కృషియే. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. 2004 నుండి మన దేశంలో ఊరూరా ఇంటింటికీ పంచుతూ వచ్చిన మాత్రలలో ముఖ్యమైనది ఆ మందే. న్యూయార్కు సమీపంలోని ప్రయోగశాల నుండి రేపల్లె దాకా మందు వచ్చింది. కాని చేతిలో పెట్టిన మాత్ర నోటిదాకా పోవడం లేదని గ్రహించి, కార్యకర్త ఎదుటనే మింగాలనే నియమం పెట్టవలసి వచ్చింది. వేల మైళ్లు దాటిన మందుకు చివరి జానెడు దూరం కష్టమైనది!

పరిశోధకుడు పుట్టడు, తయారవుతాడు. దానికి ఒక గురువు కావాలి. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఈ బోదకాలు క్రిమియే దోమ శరీరంలో పెరుగుతుందని చూపించాడు. 1894లో లండన్‌లో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యునికి సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూపి, దోమలలో వెదకుమని ప్రోత్సహించినది కూడా ఆయనే. ఆ తరువాత గురువు లండన్‌లో, శిష్యుడు హిందూ దేశంలో. వారి నడుమ ఉత్తరాలే పాఠశాల. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రాస్ దోమ పొట్టలో ఆ క్రిమిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమానం పొందాడు.

ఆ దోమ ఎవరి రక్తం త్రాగినదో చాలమందికి తెలియదు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం అది. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున అతనికి ఇచ్చారు. అతని పేరు చరిత్రలో నిలిచింది గాని, అతడు ఏమనుకొన్నాడో ఎవరూ వ్రాసిపెట్టలేదు. “ఈ దోమలు నిన్నెందుకు కుట్టాలి?” అన్న విషయం అతనికి ఉర్దూలో ఎవరైనా వివరించారా? ఈ ప్రశ్న పూర్వం నాకు తట్టలేదు. ఆ అమ్మాయి తెచ్చిన కాగితం చదివిన తరువాత నన్ను వదలలేదు.

ఈనాడు యువ పరిశోధకులకు శిక్షణ ఇచ్చే ఏర్పాట్లు గురువు గారి ఉత్తరాలతో ఆగిపోలేదు. అమెరికాలో 2006లో ఈ విధమైన పరిశోధనకు, దానిలో యువకుల శిక్షణకు ప్రత్యేకంగా ఒక జాతీయ పథకం ప్రారంభించారు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 1979 నుండి వైద్య విద్యార్థులకు స్వల్పకాలిక విద్యార్థి వేతనాలిచ్చి చిన్న చిన్న పరిశోధనలు చేయిస్తూ వచ్చింది. 2008లో నెలకొని, హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఇండియా అలయన్స్ యువ శాస్త్రజ్ఞులకు, వైద్యులకు ఫెలోషిప్పులిచ్చింది. ఎం.డి. విద్యార్థి ప్రతి ఒక్కరూ ఒక సిద్ధాంత వ్యాసం సమర్పించాలి. పరిశోధనా పద్ధతులలో ఒక ప్రాథమిక పాఠ్యక్రమం 2019లో వారికోసం ఏర్పడింది. ఎందరు రోగులను తీసుకోవాలి, లెక్కలు ఎట్లా వేయాలి, పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయి అన్నవన్నీ నేర్పుతారట. “అన్నీ చెప్పారు సార్. రోగితో తెలుగులో ఎట్లా చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పరీక్షలో ఆ ప్రశ్న లేదు” అన్నది ఆ అమ్మాయి.

ఆమె చేతిలోనిది సమ్మతి పత్రం. పరిశోధనలో పాల్గొనే ప్రతి రోగికీ విషయమంతా వివరించి, అర్థమైన తరువాత స్వేచ్ఛగా సంతకం తీసుకోవాలి. ఆంగ్ల ప్రతిని నైతిక సంఘం పరిశీలించింది. తెలుగు ప్రతిని కూడా వారికి సమర్పించి, వారు సరేనన్న తరువాతనే రోగులను కలవాలి. నన్ను తెలుగు చేయమన్నది. అంతేగాక, “వ్రాసిన తరువాత ఈ జబ్బు ఉన్న వారెవరికైనా చదివి వినిపించండి సార్. సంతకం వద్దు. అర్థమవుతున్నదో లేదో చూడండి, చాలు” అని కోరింది.

నేను మూడు రాత్రులు శ్రమించాను. ఎం.ఏ.లో చదివిన నా సంస్కృత సమాసాలన్నీ ఆ రెండు పుటలలో కొలువు తీరాయి. ‘ఈ అధ్యయనమునందు పాల్గొనుట పూర్తిగా స్వచ్ఛందము’ అని వ్రాశాను. ‘అభ్యర్థులు యాదృచ్ఛికముగా రెండు వర్గములుగా విభజింపబడుదురు’ అని వ్రాశాను. ‘గోప్యత పరిరక్షింపబడును’ అని వ్రాశాను. చదువుకొని మురిసిపోయాను. ఒక్క తప్పు లేదు.

మరుసటి శనివారం సాయంత్రం రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటి పోయే ఈ రైలులో నా బాల్యమంతా గడిచింది. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుపేటికల మీది బ్రాహ్మీ లిపిని గురించి విద్యార్థులకు చెప్పేటప్పుడు, ‘రెండువేల ఏళ్లు నిలిచిన అక్షరం’ అని ఘనంగా అంటూ ఉంటాను. ఆ రోజు నా సంచిలోని అక్షరాలు రెండు గంటలు నిలుస్తాయని కూడా నాకు నమ్మకం ఉండేది.

అమ్మీ మగ్రిబ్ నమాజు ముగించి అరుగు మీద కూర్చున్నది. నేను కాగితం చదివి వినిపించాను. మా ఇంట్లో మాట్లాడుకొనేది ఉర్దూయే గాని, అమ్మీకి సామెతలు మాత్రం తెలుగులోనే నోటికి వస్తాయి. చదవడం ముగిసిన తరువాత కొంతసేపు మాట్లాడలేదు. “బాగా చదివావు బేటా, ఖుత్బాలాగా ఉన్నది” అన్నది. “అర్థమైందా అమ్మీ?” అన్నాను. “ఖుత్బా అర్థం కావాలని ఎవరన్నారు?” అన్నది.

అప్పుడు నేను మామూలు మాటలలో చెప్పాను. ‘యాదృచ్ఛికం’ అంటే ఏమిటో చెప్పడానికి నాలుగు వాక్యాలు పట్టింది. “చీట్లు వేస్తారని చెప్పరాదా? చిట్టీపాట తెలియని వారెవరు?” అన్నది. విన్న తరువాత మూడు ప్రశ్నలడిగింది.

“నేను ఇందులో చేరనంటే, రేపు నాకు జ్వరమొచ్చి ఆ ఆసుపత్రికి పోతే ఆ అమ్మాయి నా ముఖం చూస్తుందా?” ఇది మొదటిది. కాగితంలో ‘స్వచ్ఛందము’ అని ఉన్నది గాని, చేరకపోయినా వైద్యం ఆగదని విడమరిచి లేదు.

“కాలికి ఫోటోలు తీస్తామని వ్రాశారే, ఎవరు చూస్తారు? ఫోటో వద్దు, వైద్యం చాలునంటే కుదురుతుందా?” ఇది రెండవది. మా అమ్మీ ముప్పై ఏళ్లుగా చీర కుచ్చిళ్లను పాదాల మీదికి దించుకొని నడుస్తున్నది. పెళ్లిళ్లకు పోవడం మానుకొన్నది. కాగితంలో రెంటికీ కలిపి ఒకే సంతకం.

“అంతా అయిన తరువాత ఏమి తేలిందో మాకు వచ్చి చెబుతారా? లేక ఎద్దు పుండు కాకికి రుచి అన్నట్లు పొడుచుకొని పోవడమేనా?” ఇది మూడవది. దీనికి కాగితంలో జవాబే లేదు.

నాకు లోలోపల చిరాకు కలిగిన మాట దాచను. “అదేమిటమ్మీ, ఆ అమ్మాయి నా శిష్యురాలు. రేపు అనుమతి వచ్చాక కాగితం తెస్తుంది. సంతకం పెట్టు, ఆమెకు పేరు వస్తుంది” అన్నాను. అమ్మీ నా వైపు చూచింది. “నీ శిష్యురాలని పెట్టమంటావా, నాకు మేలని పెట్టమంటావా? మీ అబ్బా చేత కూడా ఇట్లాగే పెట్టించావు” అన్నది.

ఆ మాటకు వెనుక ఒక కథ ఉన్నది. నేను ఇంటర్మీడియట్ చదివే రోజులలో మా అబ్బాకు జబ్బు చేసి ఒక నగరంలోని పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోయాము. అక్కడ ఒక తెల్లకోటు యువకుడు ఆంగ్లంలో ఉన్న కొన్ని కాగితాలు తెచ్చి, “కొత్త మందు, ఖర్చు లేదు, ఇక్కడ సంతకం” అన్నాడు. అతని వెనుక ఇంకా పదిమంది రోగులున్నారు. అబ్బా కాగితాన్ని నా చేతిలో పెట్టి, “ఏమున్నది బేటా ఇందులో?” అని అడిగారు. తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఆ ఆంగ్లం ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆ యువకుని ముందు చెప్పడానికి నామోషీ అయింది. “ఏమీ లేదబ్బా, పెట్టేయండి” అన్నాను. అబ్బా నన్ను నమ్మి ఉర్దూలో తన పేరు వ్రాశారు. తరువాత రెండేళ్లు బ్రతికారు. ఆయనకు అక్కడ ఇచ్చిన మందు ఏదో, దానివల్ల మేలు జరిగినదో కీడు జరిగినదో మాకు ఈనాటికీ తెలియదు. ఎవరూ వచ్చి చెప్పలేదు. ఆ మందు వల్లనే ఆయన పోయారని నేను అనను; అనడానికి ఆధారం లేదు. కాని ఆయన అడిగిన ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. ఆ తెల్లకోటు యువకుడు కూడా బహుశః శిక్షణలో ఉన్నవాడే. ఎట్లా చెప్పాలో అతనికి కూడా ఎవరూ నేర్పి ఉండరు. అడగడం నాకెవరూ నేర్పలేదు.

ఇట్టి పొరపాటు ఒక్క మా ఇంటికే పరిమితం కాదు. 2009లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించే టీకా వేసి ఒక పరిశీలన జరిపారు. 2010లో దానిని నిలిపివేశారు. కొందరు బాలికల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని వసతిగృహాలలోని ఎందరో బాలికల పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీనిని తీవ్రంగా ఆక్షేపించింది. మేలు చేయదగిన టీకా పట్ల కూడా ప్రజలలో భయం నాటడానికి ఆ సంతకాలు చాలునని నాకు అనిపిస్తుంది. పిల్లల క్షేమం కోరే మాస్టారే వారి మాటను తాను పలికితే ఏమవుతుందో నాబోటి మాస్టార్లు ఆలోచించాలి.

నేను తెనాలికి తిరిగి వచ్చి, అమ్మీ కాలిని గురించి, ఆమె ప్రశ్నలను గురించి ఆ అమ్మాయికి చెప్పాను. అబ్బా సంగతి కూడా చెప్పాను. ఆమె నా సమాసాలను ఒక్క మాట అనలేదు. మరుసటి ఆదివారం నాతో రేపల్లె వచ్చి, అమ్మీ పాదాల దగ్గర పీట వేసుకొని కూర్చుని, బకెట్టులో నీళ్లు పోసి, సబ్బు నురగ చేసి, ఒక్కొక్క ముడతనూ ఎట్లా కడగాలో, వేళ్ల సందులను మెత్తని గుడ్డతో ఎట్లా తుడవాలో చేసి చూపించింది. అమ్మీ కుచ్చిళ్లు ఎత్తడానికి మొదట సంకోచించింది. తరువాత తానే సబ్బు అందుకొన్నది.

“అమ్మగారికి ఇప్పుడే నేర్పేశాను కదా సార్, ఇక ఆమె నా లెక్కలోకి రారు. నేర్పక ముందు ఆరు నెలల జ్వరాలు, నేర్పిన తరువాత ఆరు నెలల జ్వరాలు చూడాలి నేను” అని తిరుగు ప్రయాణంలో చెప్పింది. “మరి ఆగవచ్చు గదా? అనుమతి వచ్చిన తరువాత నేర్పేదానివి” అన్నాను. “ఆమె వద్దన్నారు కదా సార్. వద్దన్న తరువాత నా లెక్క కోసం ఆమె కాలిని ఆపడం ఏమి న్యాయం?” అన్నది. ఛందస్సులో గణాలు తప్పిన ఆ పిల్లను చూచి నాకు ఆ క్షణాన నమస్కరించాలనిపించింది.

ఆ తరువాత బాపట్ల దగ్గర ఒక గ్రామానికి కూడా వెళ్లాము, కాగితాన్ని మరికొందరికి చదివి వినిపించడానికి. వ్యవసాయ కళాశాల 1945 నుండి అక్కడ ఉండడం వలన ఆ ప్రాంతపు రైతులకు పరిశోధన అనే మాట కొత్త కాదు. 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి వంగడం, అదే మనమంతా తినే సాంబ మసూరి, అక్కడి కృషి ఫలితమే. ఆ పేరులోని మూడక్షరాలు బాపట్లవే. బోదకాలుతో బాధపడే ఒక వృద్ధ రైతు కాగితం విని ఇట్లా అన్నాడు: “కొత్త విత్తనమిస్తే మేము పొలమంతా చల్లం మాస్టారూ. ముందు ఒక మూల చల్లి చూస్తాం. పండితే మరుసటేడు అంతా వేస్తాం. పొలానికి మూల ఉంటుంది. మనిషికి ఒళ్లు ఒకటే కదా. దానికి మూల ఎక్కడిది?” ప్రయోగశాలలో చదివిన పిల్లలకు ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఈ మాట కంటె బాగా ఎవరు చెప్పగలరు? ఆ అమ్మాయి తన పుస్తకంలో దానిని వ్రాసుకొన్నది.

నేను పత్రాన్ని మరల మొదటి నుండి వ్రాశాను. ‘మీకు ఇష్టమైతేనే చేరండి. చేరకపోయినా మీకు వైద్యం ఆగదు. చేరిన తరువాత ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కర లేదు’ అని మొదటి మూడు వాక్యాలు. చీట్లు వేసి రెండు జట్లుగా విడదీస్తామని తరువాత. ఫోటోకు వేరే గడి, వేరే సంతకం. ముఖం కనబడదని, వద్దంటే తీయమని వివరణ. పని పూర్తి అయిన తరువాత ఊరికి వచ్చి ఫలితం చెబుతామన్న మాట చివర. ఈ చివరి వాగ్దానాన్ని ఇవ్వగలవా అని ఆ అమ్మాయిని రెండుసార్లు అడిగాను. “వ్రాయండి సార్. వ్రాస్తే రాక తప్పదు కదా” అన్నది.

ఉర్దూ ప్రతి కూడా ఉండాలని ఆమె కోరగా మన కళాశాల ఉర్దూ శాఖలోని మిత్రుల సహాయం తీసుకొన్నాను. పత్రానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఒక విచిత్రం జరిగింది. వారు ‘రజామందీ’ అన్నారు. అదే ధాతువు నుండి పుట్టిన ‘రాజీనామా’ అనే మాటకు ఉర్దూలో ఇరుపక్షాలు సమ్మతించి వ్రాసుకొనే పత్రమని అర్థం. అదే మాట తెలుగులోనికి వచ్చి ఉద్యోగం వదులుకొనే కాగితమయింది! ఇద్దరమూ నవ్వుకొన్నాము. తరువాత ఆలోచించగా నవ్వు రాలేదు. తెలిసి పెట్టిన సంతకం సమ్మతి. తెలియక పెట్టినది తన మీద తనకు గల హక్కుకు రాజీనామా. మా అబ్బా ఉర్దూలో సంతకం చేశారు. కాని చేసినది తెలుగు రాజీనామా.

ఆ మిత్రులే మరొక సంగతి జ్ఞాపకం చేశారు. యునానీ వైద్యానికి మూలస్తంభమైన ఇబ్న్ సీనా వెయ్యేళ్ల క్రిందట తన ‘అల్ ఖానూన్’ రెండవ భాగంలో మందును పరీక్షించడానికి నియమాలు విధించాడు. మందు కల్తీ లేనిదై ఉండాలి. అనేక రోగాలు కలిసిన చోట గాక ఒక్క రోగం మీద పరీక్షించాలి. గుణం ఒక్కసారి కనబడితే చాలదు, మాటిమాటికీ కనబడాలి. సింహం మీదనో గుర్రం మీదనో చూచినది మనిషికి వర్తించకపోవచ్చును గనుక చివరకు మనిషి మీదనే చూడాలి. ఎంత దూరదృష్టి! అయితే ఆ మనిషిని ముందుగా అడగాలన్న నియమాన్ని లోకం చాల ఆలస్యంగా, చాల బాధలు పడిన తరువాత నేర్చుకొన్నది. ఈనాడు మన దేశంలో పరిశోధనలను పరిశీలించే నైతిక సంఘాలలో వైద్యులే గాక న్యాయం తెలిసినవారు, వైద్యం చదవని ఒక సామాన్యుడు కూడా కూర్చోవాలని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సామాన్యుని కుర్చీకి మా అమ్మీ తగినదని నా అభిప్రాయం.

కొత్త పత్రానికి నైతిక సంఘం ఆమోదం లభించింది. పని సాగుతున్నది. కొందరు చేరారు, కొందరు చేరలేదు. కొందరు చేరి ఫోటో వద్దన్నారు. చేరనన్న వారికి కూడా ఆ అమ్మాయి కాలు కడగడం నేర్పి, సబ్బు ఇచ్చి వస్తున్నది. ఫలితం ఇంకా తేలలేదు. నెలనెలా ఇంటికి వెళ్లి చూపడం వలన ప్రయోజనం ఏమీ లేదని కూడా తేలవచ్చును. అట్లా తేలినా ఊరికి పోయి ఆ మాటే చెబుతానంటున్నది. శిక్షణ అనే మాటకు ఇంతకంటె వేరే అర్థం నాకు కనబడడం లేదు.

మా అమ్మీకి ఈ శీతాకాలంలో జ్వరం రాలేదు. ఒక్కరి సంగతి చూచి ఏమీ నిర్ణయించరాదని ఆ అమ్మాయి హెచ్చరించింది గనుక నేను కూడా ఏమీ నిర్ణయించను. ఇరుగుపొరుగు స్త్రీలు ఇద్దరు ముగ్గురు మధ్యాహ్నాలు వచ్చి ఆమె దగ్గర కాలు కడగడం నేర్చుకొంటున్నారు. మొన్న బక్రీదుకు వెళ్లినప్పుడు, “నా సంతకం ఆ కాగితంలో లేదు గాని, నా ప్రశ్నలు ఉన్నాయటగా?” అని అడిగింది. ఉన్నాయన్నాను. సంతోషించింది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు వైద్యులవుతారు, కొందరు శాస్త్రజ్ఞులవుతారు. ఎందరో మీ ఎదుట కాగితం పట్టుకొని నిలబడతారు. “ఇందులో ఏమున్నది?” అని వారు అడిగినప్పుడు చెప్పగలిగేంత తెలుగు, చెప్పగలిగేంత ఉర్దూ ఈ కళాశాలలోనే నేర్చుకొని పొండి. మిగిలినవారు రోగులుగానో, రోగుల బిడ్డలుగానో ఆ కాగితం ముందు కూర్చుంటారు. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఈ మాట నాకు పదిహేడవ ఏట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.